పెరిగే కుక్కపిల్లకు పెట్టే కొలత

పిల్లలు ఏడాదిపాటు బతిమాలగా బతిమాలగా, ఒకనాడు రెండు నెలల లాబ్రడార్ పిల్ల ఆ ఇంటి గడప దాటి లోపలికి వస్తుంది. నాటి నుంచి ఎవరి ముద్దు వారిది. స్వదేశం నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మ పెరుగన్నం మెత్తగా పిసికి పెడుతుంది. ఎముకలు గట్టిపడాలని తండ్రి కాల్షియం మాత్రలు తెస్తాడు. చిన్నవాడు తన పళ్ళెంలోని ద్రాక్షపండును బల్ల కిందికి జారవిడుస్తాడు. అందరి ఆశా ఒక్కటే: పిల్ల త్వరగా, బలంగా పెరగాలి.

విదేశాలలోని తెలుగు ఇళ్ళకు ఈ దృశ్యం కొత్త కాదు. కాని ఈ మూడింటిలో ఒకటి ఆ పిల్లకు చాలదు; ఒకటి ఎక్కువవుతుంది; మూడవది ప్రాణం మీదికే తేవచ్చు. ఏది ఎందుకో తెలియాలంటే, పెరుగుదల వెనుకనున్న రసాయనాన్ని కొంచెం పరికించాలి.

చాలనిది

పుట్టినపుడు అరకిలోకు అటూ ఇటూగా తూగే లాబ్రడార్ పిల్ల, ఏడాది ఏడాదిన్నరలో ముప్ఫై కిలోల కుక్క అవుతుంది. అంటే సుమారు అరవై రెట్లు. మనిషి బిడ్డ పదిహేనేళ్ళలో కూడా అంతటి పెరుగుదల చూడడు. పాలు మానిన తొలి వారాలలో ఆ పిల్లకు, కిలో బరువుకు లెక్కగడితే, పెద్ద కుక్కకు కావలసిన శక్తికి దాదాపు రెండింతలు కావాలి.

అన్నం కుక్కకు అరగదనే మాట నిజం కాదు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల బృందం 2013లో కుక్క జన్యువులను తోడేలు జన్యువులతో పోల్చి చూసింది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులు మాత్రమే ఉండగా, కుక్కలలో నాలుగు నుంచి ముప్ఫై వరకు కనిపించాయి. మనిషి పంచన చేరిన కుక్క, మనిషి తిండిని అరిగించుకోవడం నేర్చుకుందన్నమాట.

చిక్కు అరుగుదలలో లేదు, పోషకాలలో ఉంది. నీటిని తీసివేసి చూస్తే అన్నంలో మాంసకృత్తులు నూటికి ఎనిమిది పాళ్ళ దాకా ఉంటాయి. పెరిగే కుక్కపిల్ల ఆహారంలో, అదే లెక్కన, కనీసం 22.5 పాళ్ళు ఉండాలని అమెరికాలో పశువుల ఆహార ప్రమాణాలను రూపొందించే ఆఫ్కో సంస్థ నిర్ణయించింది. ఇళ్ళలో మామూలుగా కలిపే పెరుగుతో ఆ లోటు పూడదు. రాగి, జింకు, డి విటమిను వంటివి అంతకన్న తక్కువ. ఎండలో తిప్పితే డి విటమిను అదే తయారవుతుందనుకోవడం కూడా పొరపాటే. మనిషి చర్మం చేసే ఆ పనిని కుక్క చర్మం తగినంతగా చేయలేదు. ఆ విటమిను తిండి ద్వారానే అందాలి.

కనుక అమ్మమ్మ పెట్టే రెండు చెంచాల పెరుగన్నం మురిపానికి సరే. రోజు మొత్తం మీద అందే శక్తిలో ఇటువంటి చిరుతిళ్ళ వాటా పదింట ఒక వంతు మించకూడదని పశువైద్యులు చెబుతారు. అదే పూటపూటా భోజనమైతే పిల్ల పొట్ట నిండుతుంది గాని ఒళ్ళు నిండదు.

ఎక్కువైనది

ఇక తండ్రి తెచ్చిన మాత్రలు. మనిషికైనా, పెద్ద కుక్కకైనా ఎక్కువ కాల్షియం పెడితే, పేగు తన ద్వారాన్ని కొంత బిగించి, అవసరం లేనిదాన్ని బయటికి పంపుతుంది. ఆరు నెలల లోపు కుక్కపిల్ల పేగుకు ఆ అదుపు ఇంకా పూర్తిగా అలవడదు. పెట్టిన కాల్షియంలో చాలా భాగం లోపలికి వెళ్ళిపోతుంది. వద్దనే శక్తి ఆ శరీరానికి లేదు.

నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పశువైద్యులు గ్రేట్ డేన్ పిల్లలపై జరిపిన పరిశోధన ఫలితాలను 1985లో ప్రకటించారు. అధికంగా కాల్షియం తిన్న పిల్లలలో, మృదులాస్థి ఎముకగా మారే ప్రక్రియే దెబ్బతిన్నది. కాళ్ళు వంకరపోవడానికీ, కీళ్ళు చెడడానికీ అది దారితీస్తుంది. బలానికని పెట్టినదే అవిటితనమైందన్నమాట.

అలాగని కాల్షియం తగ్గించడమూ తగదు. ఎముకలు లేని మాంసం మాత్రమే పెడితే ముప్పు మరో వైపు నుంచి వస్తుంది. మాంసంలో భాస్వరం కాల్షియానికి పదిరెట్లకు పైగా ఉంటుంది. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడడానికి పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకలనే కరిగిస్తాయి. లేత ఎముకలు గెంతితేనే విరుగుతాయి. ఒక పాలు భాస్వరానికి కాల్షియం ఒకటి నుంచి రెండు పాళ్ళ మధ్య ఉండాలి. ఆ నిష్పత్తిని పాటించి తయారైన ఆహారం పెడుతున్నప్పుడు పైన మరో మాత్ర వేయడం, సరిగా తూచిన త్రాసులో ఒకవైపు రాయి వేయడమే.

విషమైనది

బల్ల కిందికి జారిన ద్రాక్షపండు సంగతి మరింత తీవ్రమైనది. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలలో కొన్నింటికి మూత్రపిండాలు దెబ్బతింటాయని తెలిసి ఇరవై ఏళ్ళు దాటింది. కారణం మాత్రం చాలాకాలం చిక్కలేదు. పిల్లలు ఆడుకునేందుకు ఇంట్లో చేసిన పిండిముద్దను తిన్న ఒక కుక్కలో అచ్చం ద్రాక్ష విషపు లక్షణాలే కనిపించాయి. ఆ ముద్దలో కలిపినది క్రీమ్ ఆఫ్ టార్టర్, అంటే టార్టారిక్ ఆమ్లపు పొటాషియం లవణం. ద్రాక్షలో ఉన్నదీ ఆ ఆమ్లమే. దానితో అమెరికాలోని విషచికిత్సా పశువైద్యులు 2021లో ఆ ఆమ్లమే దోషి కావచ్చునని ప్రతిపాదించారు.

తెలుగు ఇల్లు ఉలిక్కిపడవలసినది ఇక్కడే. టార్టారిక్ ఆమ్లం పుష్కలంగా ఉన్న మరో పండు చింతపండు. చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కల వివరాలు కూడా 2022లో పశువైద్య పత్రికకెక్కాయి. 1848లో లూయీ పాశ్చర్ స్ఫటికాలను ఏరి అణువుల కుడి ఎడమలను లోకానికి చూపినది ఈ ఆమ్లపు లవణంతోనే. మన చారుకు, పులిహోరకు రుచినిచ్చేదీ ఇదే. కనుక పులుసు అన్నం, చారన్నం, కిస్‌మిస్ వేసిన పాయసం కుక్కపిల్లకు దూరంగా ఉంచాలి.

ఉల్లి, వెల్లుల్లులలోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాలను చెరుస్తాయి. వండినా, పొడి చేసినా ఆ గుణం పోదు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్‌ను కుక్క శరీరం చాలా నెమ్మదిగా వదిలించుకుంటుంది. అయిదు కిలోల పిల్లకు వంటలో వాడే చేదు చాక్లెట్ ఏడు గ్రాములు చాలు, లక్షణాలు కనిపించడానికి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తరచు ఉండే జైలిటాల్, కుక్కలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి రక్తంలో చక్కెరను పడగొడుతుంది. వీటిలో ఏది తిన్నా లక్షణాల కోసం ఎదురుచూడక వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

త్వరగా కాదు, సరిగా

లాబ్రడార్లపై జరిగిన ఒక దీర్ఘకాల అధ్యయన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. నలభై ఎనిమిది పిల్లలను ఒకే ఈత జంటలుగా విడదీసి, ఎనిమిది వారాల వయసు నుంచి జంటలో ఒకదానికి రెండవదానికన్న నాలుగింట ఒక వంతు తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి సుమారు 13 ఏళ్ళు, జతవి 11.2 ఏళ్ళు బతికాయి. తక్కువ తిన్నవాటికి కీళ్ళ జబ్బులు కూడా తక్కువగా, ఆలస్యంగా వచ్చాయి. బొద్దుగా ఉండటం ఆరోగ్యమనే మన పాత నమ్మకానికి ఇది గట్టి జవాబు. అరచేతితో నిమిరితే పక్కటెముకలు తెలియాలి, కంటికి పొడుచుకు రాకూడదు. అదీ కొలత.

ఆహారపు సంచి కొనేటప్పుడు ముందువైపు బొమ్మను గాక వెనుకవైపు చిన్న అక్షరాలను చూడాలి. పెరుగుదలకు సంపూర్ణమైన సమతులాహారమని అక్కడ ఉండాలి. పెద్దయ్యాక డెబ్బై పౌనులు, అంటే 32 కిలోలు, దాటే జాతుల పెరుగుదలకు తగినదో కాదో కూడా ఆ వాక్యమే చెబుతుంది. అటువంటి పిల్లలకు కాల్షియం పరిమితి మరింత తక్కువ. నాలుగు నెలల వరకు రోజుకు మూడు నాలుగు సార్లు, పిమ్మట రెండు మూడు సార్లు, కొలిచి పెట్టాలి. తిండి మార్చవలసివస్తే వారం రోజులలో కొంచెం కొంచెంగా మార్చాలి.

ఇంటివంటే పెట్టాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ శాఖవారు కుక్కల ఇంటివంటల విధానాలను రెండు వందలు పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నూటికి తొంభై అయిదింటిలో ఏదో ఒక ముఖ్య పోషకం లోపించింది. శాకాహారుల ఇళ్ళలో కూడా కుక్క పెరగగలదు. పిల్లిలాగా అది తప్పనిసరి మాంసాహారి కాదు. కాని పెరిగే వయసులో అది పోషకాహారం తెలిసిన పశువైద్యుని లెక్క ప్రకారమే జరగాలి.

ఈ సూత్రం అమ్మమ్మకు నచ్చజెప్పడం కష్టమేమీ కాదు. చంటిబిడ్డకు ఎక్కువైతే అజీర్తి అని ఉగ్గుగిన్నెతో కొలిచి పోసిన చేయి ఆమెది. చారన్నం ముద్దకు బదులు ఆ చేతికి కొలత గిన్నె అందిస్తే చాలు. పూట తప్పకుండా పెట్టేది కూడా ఆమే.