మచ్చలు ఎందుకు పడతాయి? ఎలా పోతాయి?



ఆషాఢమాసంలో మీలో చాలామంది గోరింటాకు పెట్టుకునే ఉంటారు. రాత్రి పెట్టుకుని పడుకుంటే తెల్లవారేసరికి అరచేతులు ఎర్రగా పండుతాయి. "నాది బాగా పండింది" అంటే "కాదు, నాదే" అని పోట్లాడుకుంటారు కూడా. కాని రెండు మూడు వారాలు తిరిగేసరికి ఆ ఎరుపు కాస్తా వెలిసిపోతుంది. ఎవరూ తుడిచెయ్యలేదు గదా, ఆ రంగు ఎక్కడికి పోయింది?

ఇప్పుడు మీ ఊళ్ళో ఎవరైనా ముసలమ్మ చేతిని చూడండి. ఆమె చిన్నతనంలో పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంటుంది. 60 ఏళ్ళు దాటినా అది అలాగే ఉంది. అదే చర్మం, అవే నీళ్ళు, అదే సబ్బు. అయినా ఒక రంగు మూడు వారాలకే పోయింది, మరొకటి జన్మంతా ఉండిపోయింది.

ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే, ముఖం మీదా మెడ మీదా పడే నల్లమచ్చల సంగతి సగం తెలిసినట్టే. ఈ విషయం నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. అదీ ఒక పిల్లవాడికి అన్యాయం చేసిన తరువాత! ముందు ఆ కథ చెబుతాను.

కుళాయి దగ్గరికి పంపిన కుర్రవాడు

అది 2006వ సంవత్సరం. అప్పుడు నేను ఒక హైస్కూలులో హెడ్మాస్టరును. ప్రతి సోమవారం ప్రార్థన అయినాక పిల్లల గోళ్ళు, చెవులు, మెడలు చూసేవాణ్ణి. శుభ్రత నేర్పడం నా విధి అని నా నమ్మకం.

ఏడవ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. కాస్త బొద్దుగా, నెమ్మదిగా ఉండేవాడు. వాడి మెడ చుట్టూ నల్లగా, మట్టి పేరుకున్నట్టు కనిపించింది.

"స్నానం చేశావా?" అని అడిగాను.

"చేశానండి."

"పైగా అబద్ధం కూడానా!" అని, అందరి ముందూ వాణ్ణి కుళాయి దగ్గరికి పంపాను. పిల్లలు నవ్వారు. మరుసటి సోమవారమూ ఇలాగే జరిగింది.

మూడవ సోమవారం వాడు చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చాడు. విప్పమన్నాను. మెడంతా గీరుకుపోయి నెత్తురు చెమర్చి ఉంది. కాళ్ళు తోముకునే ఇటుకముక్కతో రుద్దుకున్నాడట! "ఎంత రుద్దినా పోవటం లేదండి" అన్నాడు. వాడు ఏడవలేదు. ఏడిస్తే నాకు అంత బాధ కలిగేది కాదేమో.

ఆ రోజే వాళ్ళ నాన్నను పిలిపించి, ముగ్గురం కలిసి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మెడనూ చంకలనూ పరీక్షగా చూశాడు. ఆ నలుపు మీద చర్మం మందంగా, మఖమలు గుడ్డలాగా ఉన్నదని నాకు చూపించాడు.

"మాస్టారూ, ఇది మురికి కాదు. సబ్బుకు పోదు. రుద్దిన కొద్దీ ఇంకా నల్లబడుతుంది" అన్నాడు. తరువాత వాళ్ళ నాన్న వైపు తిరిగి, "మీ ఇంట్లో ఎవరికైనా చక్కెర వ్యాధి ఉన్నదా?" అని అడిగాడు.

"మా అమ్మకు ఉందండి" అన్నాడు ఆయన.

మెడ మీది నలుపుకూ, చక్కెర వ్యాధికీ ఏమి సంబంధం? నాకూ అదే ఆశ్చర్యం కలిగింది. అది తెలియాలంటే ముందు చర్మం సంగతి తెలియాలి.

చర్మంలో గొడుగులు

మన చర్మంలో ముఖ్యంగా రెండు పొరలున్నాయి. పైపొర చాలా పలచన. శరీరంలో చాలా చోట్ల దాని మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. దాని కింద ఉన్న లోపలి పొర మందమైనది. నెత్తురు నాళాలూ, నరాలూ అందులోనే ఉంటాయి.

పైపొర అడుగున ఎప్పుడూ కొత్త కణాలు పుడుతూ, పాతవాటిని పైకి నెడుతూ ఉంటాయి. అలా పైకి వచ్చినవి ఎండి, కంటికి కనిపించని పొట్టుగా రాలిపోతాయి. అడుగున పుట్టిన కణం రాలిపోవడానికి ఇంచుమించు నెలా, నెలన్నర పడుతుంది. గోరింటాకు ఎండిన కణాలకే అంటుతుంది గనక, అవి రాలితే అదీ పోతుంది. పచ్చబొట్టు సూది రంగును లోపలి పొరలో దించుతుంది. ఆ పొర రాలదు. అందుకే పచ్చబొట్టు చెరగదు.

ఇక మన ఒంటి రంగు ఎక్కడిది? పైపొర అడుగున, మామూలు కణాల మధ్య రంగు కణాలు కొన్ని ఉంటాయి. వీటికి సన్నని చేతులవంటి కొమ్మలు ఉంటాయి. ఇవి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని గింజలుగా తయారుచేసి, ఆ కొమ్మల గుండా చుట్టుపక్కల ముప్ఫై నలభై కణాలకు పంచిపెడతాయి. కణంలోకి వెళ్ళిన గింజలు దాని నడిమి బీజం మీద టోపీలాగా కప్పుకుంటాయి. ఎందుకో తెలుసా? ఎండ తగలకుండా!

ఎండలో కంటికి కనిపించని కిరణాలు ఉన్నాయి. 1801లో జర్మనీ దేశంలో రిట్టర్ అనే శాస్త్రజ్ఞుడు ఎండను గాజుపట్టకం గుండా పంపి, ఏడు రంగులుగా విడదీశాడు. వెలుతురు తగిలితే నల్లబడే వెండి లవణాన్ని ఆ రంగుల్లో పెట్టి చూశాడు. ఊదారంగుకు అవతల, ఏమీ కనిపించని చోట, అది అన్నిటికన్నా త్వరగా నల్లబడింది! వాటినే అతినీలలోహిత కిరణాలు అంటాం. ఇవి కణబీజాన్ని చెడగొట్టగలవు. మెలనిన్ వాటికి అడ్డుపట్టిన గొడుగు అన్నమాట.

ఇందులో ఒక చిత్రం ఉంది. నల్లవారికైనా తెల్లవారికైనా రంగు కణాల సంఖ్య ఇంచుమించు ఒకటే. అవి తయారుచేసే గింజల పరిమాణంలోనూ, మొత్తంలోనూ మాత్రమే తేడా. నలుపు లోపం కాదు, మంచి గొడుగు.

మచ్చలలో రకాలు

రంగు కణానికి ఏదైనా బాధ కలిగితే అది మామూలుకన్నా ఎక్కువ మెలనిన్ తయారుచేస్తుంది. మొటిమను గిల్లినా, దోమకాటును గోకినా, పుండుపడి మానినా అక్కడ నల్లమచ్చ మిగలడానికి కారణం ఇదే. ఇటుకతో రుద్దినా అంతే! గర్భిణులకు, మరికొందరు స్త్రీలకు చెంపల మీదా నుదుటి మీదా మంగు వస్తుంది. దానికి ఒంట్లోని మార్పులతో పాటు ఎండ కూడా కారణం.

ఎక్కువైన రంగు పైపొరలోనే ఉంటే మచ్చ గోధుమరంగులో ఉంటుంది. అది గోరింటాకు వంటిది. కణాలు రాలిన కొద్దీ, కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. రంగు గింజలు లోపలి పొరలోకి జారిపోతే మచ్చ బూడిదరంగుగానో, నీలంగానో కనిపిస్తుంది. అది పచ్చబొట్టు వంటిది. తగ్గడానికి ఏళ్ళు పట్టవచ్చు. డాక్టర్లు చీకటి గదిలో వుడ్ దీపం అనే ఊదారంగు దీపం వేసి, మచ్చ ఏ పొరలో ఉన్నదో అంచనా కడతారు.

ఆ కుర్రవాడి మెడ ఈ రెండు రకాలలోనూ చేరదు. తిన్న ఆహారంలోని చక్కెరను కణాలకు చేర్చడానికి క్లోమగ్రంథి ఇన్సులిన్ అనే రసాన్ని తయారుచేస్తుంది. కొందరి శరీరం దాని మాట సరిగా వినదు. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మకణాలను తొందరపెట్టి పెంచుతుంది. మెడ, చంకల దగ్గర చర్మం మందమై నల్లబడుతుంది. మెడ నల్లగా ఉన్నవారందరికీ చక్కెర వ్యాధి ఉన్నట్టు కాదు. కాని అది రాబోతున్నదేమో చూసుకోమని శరీరం చేసే హెచ్చరిక కావచ్చు. నేను దాన్ని మురికి అనుకున్నాను!

మచ్చకు మందేమిటి?

మొదటి మందు కారణం కనుక్కోవడం. మొటిమలు తగ్గకుండా మొటిమల మచ్చలు తగ్గవు. రోజూ గోకుతూ ఉంటే ఏ లేపనమూ పనిచెయ్యదు.

రెండవ మందు నీడ. మందు ఎంత మంచిదైనా, ఎండలో తిరిగితే రంగు కణం మళ్ళీ గింజలు తయారుచేస్తూనే ఉంటుంది. పొద్దున 10 గంటల నుంచి సాయంత్రం 4 గంటల దాకా గొడుగు, టోపీ, పొడుగుచేతుల చొక్కా వాడటం మంచిది. మచ్చలున్న పెద్దవారికి డాక్టర్లు ఎండను ఆపే లేపనం కూడా రాసుకోమంటారు.

మూడవ మందు ఓపిక. గోరింటాకును ఒక్క రోజులో చెరపలేం గదా! "వారంలో మచ్చలు మాయం" అనే ప్రకటన చూస్తే చర్మం నెలకోసారి మారుతుందన్న సంగతి గుర్తు చేసుకోండి.

ఆ తరువాతవి డాక్టరు ఇచ్చే మందులు. వాటిలో ఒకదాని కథ తమాషాగా ఉంటుంది. కొందరికి వీపు మీదా ఛాతీ మీదా శోభి మచ్చలు వస్తాయి. ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే ఆ మచ్చలు తరచు పాలిపోయి ఉంటాయి. ఆ జీవి తయారుచేసే అజెలాయిక్ ఆమ్లాన్ని 1970ల చివర ఇటలీ శాస్త్రజ్ఞులు పరిశోధించారు. అది మెలనిన్ తయారీకి అడ్డుపడుతుందని తేలింది. ఇప్పుడు దాన్నే నల్లమచ్చలకూ మొటిమలకూ మందుగా వాడుతున్నారు.

తొందరపడితే ప్రమాదం

1939లో అమెరికాలో ఒక తోళ్ళ కర్మాగారంలో పనివారి చేతులు తెల్లబడుతున్నాయని డాక్టర్లు గమనించారు. వెతికితే, వారు తొడుక్కునే రబ్బరు తొడుగుల్లో కలిపిన ఒక రసాయనం అందుకు కారణమని బయటపడింది. మన దేశంలోనూ, అంటించుకునే కొన్ని బొట్టుబిళ్ళల జిగురులోని రసాయనం వల్ల నుదుట తెల్లమచ్చ పడటం డాక్టర్లు చూశారు. రంగు కణాలను దెబ్బతీయడం అంత తేలిక! తిరిగి తెచ్చుకోవడం తేలిక కాదు.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళితే, ఆ రసమూ ఎండా కలిసి చర్మాన్ని కాల్చి కొత్త మచ్చలు పెడతాయి. మందులషాపులో ఎవరో చెప్పిన లేపనం తెచ్చి రాయకండి. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడు ఉంటుంది. మొదట ముఖం తెల్లగా, నున్నగా అవుతుంది. తరువాత చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు లేస్తాయి. మానితే మంట, మానకపోతే ముప్పు. అందుకే 2018లో కేంద్రప్రభుత్వం అనేక స్టెరాయిడు లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు చేసింది.

తెల్లబరుస్తామనే కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. మన దేశంలో 2020 నాటి నియమాలు దీన్ని నిషేధించాయి. అయినా 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇటువంటి క్రీములు రాసుకున్నవారి మూత్రపిండాలు చెడినట్టు డాక్టర్లు కనిపెట్టారు. ముఖానికి రాసిన విషం మూత్రపిండాలకు చేరిందన్నమాట.

ఇంకొక్క మాట. తెల్లమచ్చలన్నీ ఒకటి కావు. బొల్లి అంటువ్యాధి కాదు. బొల్లి ఉన్న పిల్లవాడి పక్కన కూర్చుంటే ఏమీ రాదు. కాని పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది కుష్ఠువ్యాధి కావచ్చు. వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళాలి. అక్కడ మందులు ఉచితం. పూర్తిగా నయమవుతుంది కూడా.

తరువాత ఏమయింది?

ఆ కుర్రవాడికి నెత్తురు పరీక్ష చేశారు. చక్కెర మామూలుకన్నా కొంచెం ఎక్కువగా ఉంది, కాని వ్యాధి అనదగినంత లేదు. మెడకు మందు రాసి సరిపెట్టలేదు డాక్టరుగారు. తీపి పానీయాలూ, చిరుతిళ్ళూ తగ్గించి, రోజూ గంటసేపు ఆడుకోమన్నారు. వాడు సాయంత్రాలు కబడ్డీలో చేరాడు. ఏడాది తిరిగేసరికి ఒళ్ళు తగ్గింది. మెడ మీద చర్మం మెత్తబడి, నలుపు సగానికి పైగా వెలిసింది. చక్కెర కూడా మామూలుకు వచ్చింది.

డాక్టరును చూసివచ్చిన మరుసటి సోమవారం, ప్రార్థన అయినాక, నేను పిల్లలందరి ముందు చెప్పాను: "ఇతను నిజమే చెప్పాడు. నేను నమ్మలేదు. తప్పు నాది." వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి నలుగురిలో ఎవరి మెడా చూడలేదు. ఏదైనా కనిపిస్తే గదిలోకి పిలిచి నెమ్మదిగా అడిగేవాణ్ణి.

మీరూ అంతే చెయ్యండి. మీ స్నేహితుడి ముఖం మీదో మెడ మీదో మచ్చ కనిపిస్తే నవ్వకండి. పేరు పెట్టి పిలవకండి. మీకే మచ్చ ఉంటే, రుద్దకుండా, దాచకుండా అమ్మకు చూపించండి.

ఈసారి గోరింటాకు పెట్టుకున్నప్పుడు తేదీ రాసుకోండి. అరచేతి రంగు ఎన్ని రోజులకు పోయిందో, గోటి రంగు ఎన్ని నెలలకు పోయిందో లెక్కపెట్టండి. రెండిటికీ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించండి. గోరు రాలదు, పెరుగుతుంది. ఇంతకన్నా నేను చెప్పను. మిగతాది మీరే కనుక్కోవాలి!