తులసియాకును ముడుచు చిన్నపురుగు

అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములందు పెరడులు కరవైనను, అంతస్తుల భవనములలోని వసారాలందు తులసికుండీ నుంచుకొని పూజించు గృహిణు లనేకులు. ఆ తులసియొక్క లేతయాకులు ఉన్నట్టుండి దొన్నెలవలె ముడుచుకొని, గోధుమవన్నెకు దిరిగి యెండిపోవుట మీలో పలువురు చూచియే యుందురు. మైల సోకినదనియో, దిష్టి తగిలినదనియో కొందరు చింతింతురు. ఆ ముడుత నొకదానిని మెల్లగా విప్పి చూచినచో నిజమైన కారణము బోధపడును.

లోపల సన్నని పట్టుదారములును, నల్లని రేణువులవంటి మలమును, వాని నడుమ నొక చిన్న గొంగళిపురుగును గనబడును. ఇది రాత్రివేళ నెగురు నొక చిన్న రెక్కలపురుగు సంతానము. 1859వ సంవత్సరమున ఫ్రాన్సిస్ వాకర్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. దీని శాస్త్రనామము ఆర్ఫనోస్టిగ్మా అబ్రప్టాలిస్. మన దేశముననే గాక సింహళమునను, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ఖండములందును ఇది కలదు. తులసియే గాక, ఆ కుటుంబమునకే చెందిన పుదీనా మున్నగు మొక్కలును దీని కాహారము.

గ్రుడ్డునుండి వెలువడిన పురుగు ఆకు అడుగుభాగమున జేరి, నోటిక్రిందినుండి పట్టుదారము తీసి, నడిమియీనె వెంబడి ఆకును నిలువున మడచి కుట్టివేయును. మన చీరలకు పట్టు నిచ్చు పురుగు చేయు పనియు నిట్టిదే గదా! ఆ గూటిలో దాగి ఆకుపచ్చని భాగమును గీకి తినుచు, పక్షుల కంట బడక పెరుగును. పిదప నిద్రావస్థ నొంది, రెక్కలతో వెలువడును. రెక్కలు వచ్చినపిమ్మట అది ఆకు ముట్టదు.

దీనికై విషపుమందులు చల్లుట యెంతమాత్రము తగదు. తులసిదళము తీర్థములో వేసికొందుము. పిల్లల దగ్గునకు కషాయము కాచి యిత్తుము. చల్లిన విషము మన కడుపులోనికే చేరును. పైగా ఈ పురుగులను చంపు సన్నని కందిరీగజాతులుకూడ ఆ మందుచే నశించును.

ఉదయమున నీరు పోయునప్పుడే ముడుతలను వెదకి, ఆ యాకులను త్రుంచి సబ్బునీటిలో వేసిన చాలును. ఏకాదశి, ద్వాదశి దినములందు తులసిని త్రుంపనివారు ముడుత విప్పి పురుగును మాత్రము తీసివేయవచ్చును. ముడుతలో దారములు లేక, ఆకుక్రింద నల్లచుక్కలును, జల్లెడవంటి రెక్కలుగల చిన్నపురుగుల గుంపును కనబడినచో, అది రసము పీల్చు వేరొక జాతి. ఆకు అడుగుభాగమును నీటిధారతో కడుగవలెను.

నిత్యము ప్రదక్షిణము చేయునప్పుడు ఆకుల క్రిందివైపు నొక్కసారి పరికించిన యింటి తులసి పచ్చగా నిలుచును.