గిట్టనిదాన్నే కుడితే?

దూదిని వేళ్ల మధ్య నలిపితే కొందరికి పళ్లు జివ్వుమంటాయి. వెల్వెట్ గుడ్డను అటు నుంచి ఇటు నిమిరితే ఒళ్లు జలదరించేవాళ్లున్నారు. చెమట పట్టిన వీపుకు పాలియెస్టర్ జాకెట్టు అతుక్కుంటే ఇంకొందరికి పొద్దంతా చిరాకు. బల్లి, జెర్రి, వెంట్రుకల ఉండ, తడి గోనెసంచి వాసన... ఎవరికి గిట్టనివి వాళ్లకుంటాయి. చెబితే నవ్వుతారని పైకి చెప్పుకోరు, అంతే. అలా దాచుకునే బదులు సూదీ దారం పట్టుకుని ఆ గిట్టనిదాన్నే గుడ్డతో తయారుచేసిన కళాకారులు కొందరున్నారు. వాళ్లలో అందరికంటే మొండిఘటం జపాన్ మహిళ యాయోయి కుసామా.

కుసామా 1929లో మత్సుమొతో పట్టణంలో పుట్టింది. ఇంట్లో విత్తనాల, నారుమొక్కల వ్యాపారం. తండ్రికి బయటి సంబంధాలు. ఆయన ఎక్కడికి పోతున్నాడో చూసి రమ్మని తల్లి ఈ పిల్లనే వెంట పంపేది. ఆ వయసులో చూడకూడనివి చూసిన పిల్లకు స్త్రీపురుష సంబంధమంటేనే రోత, భయం పట్టుకున్నాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బడిపిల్లలను ఫ్యాక్టరీ పనులకు పంపినప్పుడు సైన్యానికి పారాచూట్లు కుట్టింది. ఆ కుట్టుపని ఎక్కడ అక్కరకొచ్చిందో చూడండి.

1958లో న్యూయార్క్ చేరిన కుసామా, 1962లో ఒక పాత చేతుల కుర్చీని ముందేసుకుంది. గుడ్డతో పొడుగాటి సంచులు కుట్టి, లోపల గట్టిగా కూరి, ఆ కుర్చీ నిండా సందు లేకుండా అతికించింది. మొత్తానికి తెల్లరంగు వేసింది. కుర్చీ అడుగున ఉండే కుచ్చులను మాత్రం అలాగే వేలాడనిచ్చింది. దూరం నుంచి చూస్తే దుంపలు మొలిచిన కుర్చీలా ఉంటుంది గానీ, దగ్గరికి పోతే అవి పురుషాంగాలని తెలుస్తుంది. ‘అక్యుములేషన్ నంబర్ వన్’ అనే ఆ కుర్చీ ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. కుర్చీతో ఆగలేదు. 1963లో ఒక పడవను ఇలాంటి సంచులతోనే నింపేసింది. దేన్ని చూస్తే రోత పుడుతుందో దాన్నే వందల సంఖ్యలో తన చేత్తో కుట్టి, దాని మధ్య పడుకుని ఫొటోలు దిగింది. రోతను పోగొట్టుకోవడానికే ఇదంతా చేశానని తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకుంది.

మరి పోయిందా? పూర్తిగా పోయిందని చెప్పలేం. 1973లో జపాన్ తిరిగొచ్చిన కుసామా 1977 నుంచి తన ఇష్టంతోనే ఒక మానసిక వైద్యశాలలో ఉంటూ, దగ్గర్లోని స్టూడియోకు వెళ్లి పనిచేసుకోవడం మొదలుపెట్టింది. ఒక కుర్చీ కుట్టగానే మనసు కుదుటపడిందనే కథ చెప్పడానికి బాగుంటుంది, నిజం మాత్రం అంత సులువుగా లేదు. అయితే తనను తరిమిన దాన్ని తాను తరమడం నేర్చుకుంది. ఎంత కుట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఆమె చేతిలోకి వచ్చింది.

పోలండ్ కళాకారిణి మగ్దలేనా అబకనోవిచ్ (1930–2017)ది వేరే దారి. ఆమెకు జనమంటే, అంటే గుంపు అంటే బెదురు. చిన్నప్పుడు యుద్ధం చూసింది, 1943లో జర్మన్ సైనికుల కాల్పుల్లో తల్లి చెయ్యి పోవడం చూసింది. ఆ తర్వాత నినాదాలిచ్చే ఊరేగింపుల కాలంలో పెరిగింది. తల లేని జంతువులా కదిలే గుంపు ఆమెకు పడదు. ఆ గుంపునే గోనెగుడ్డతో చేసింది. 1976–80 మధ్య తయారైన ‘బ్యాక్స్’లో 80 వీపులుంటాయి. తలల్లేవు, కాళ్లూ లేవు, వంగి కూర్చున్న వీపులు మాత్రమే. ఒకే అచ్చులో గోనెను జిగురు రసాయనంతో అదిమి తీసినా, ఒక్కో వీపు మీద గోనె ముడతలు ఒక్కోలా పడ్డాయి. జగిత్యాల, కోరుట్ల మార్కెట్ యార్డుల్లో యాసంగి వడ్లు నింపడానికి రైతులు వెతుక్కునే గోనె కూడా ఆ జాతి గుడ్డే. దాంతో ఇంత పని అవుతుందని ఎవరనుకుంటారు!

గిట్టనిదాన్ని కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చుకోవడమనే పద్ధతి మనస్తత్వశాస్త్రంలో వందేళ్ల పాతది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు, మూడేళ్లయినా నిండని పీటర్ అనే పిల్లవాడి మీద రాసిన వ్యాసం ఇప్పటికీ పాఠంగా చెబుతారు. వాడికి కుందేలంటే హడలు. అంతేకాదు, బొచ్చు కోటు, ఈకలు, దూది చూసినా ఏడ్చేవాడు. జోన్స్ వాడికి ఇష్టమైన తినుబండారాలు పెడుతూ, పంజరంలోని కుందేలును రోజుకింత ముందుకు జరిపింది. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా పీటర్ కిమ్మనలేదు. ఎంత దగ్గరికి తేవాలన్నది అక్కడ జోన్స్ చూసుకుంది. కుట్టేవాళ్లయితే తమకు తామే చూసుకుంటారు.

గుడ్డకే ఎందుకింత పట్టు? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ రోజిన్ రోత మీద చేసిన పరిశోధనల్లో ఒక స్వెటర్ కథ ఉంది. హిట్లర్ తొడిగిన స్వెటరైతే తొడుక్కుంటారా అని అడిగితే చాలామంది వద్దన్నారు. శుభ్రంగా ఉతికిందని చెప్పినా ఒప్పుకోలేదు. మురికి పోయినా ‘ఆ మనిషి’ పోడన్నమాట. ఇది మనకు పరిశోధకులు చెప్పాల్సిన పనా? మైలబట్ట అంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. చనిపోయినవాళ్ల బట్టలు చాలా ఇళ్లలో ఉంచుకోరు. కొందరు ముట్టుకున్న బట్టను ముట్టకూడదని తరాలుగా నేర్పిన చరిత్ర కూడా మనదే. ‘ఎందుకో నాకు గిట్టదు’ అనుకునేవాటిలో కొన్ని మనం పుట్టకముందే ఎవరో మన మీద కప్పినవి. గుడ్డతో పనిచేసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఈ తేడానే: ఇది నా ఒంటి రోతా, మా ఇంటి రోతా?

ఇక మన నేత ఊరు సిరిసిల్ల సంగతి. గుడ్డతో ప్రయోగాలు చేయడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి నల్ల పరంధాములు పేరు తెచ్చుకుంటే, ఆయన కొడుకు విజయ్ అదే విద్యను కొనసాగించి, 2022లో 27 సుగంధ ద్రవ్యాల వాసనొచ్చే పట్టుచీర నేశాడు. వెల్ది హరిప్రసాద్ చేత్తో నేసి పంపిన జీ-20 లోగో గురించి 2022 నవంబరు ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రస్తావించారు. ఇవన్నీ చూసేవాళ్లను ఔరా అనిపించడానికి చేసినవి. మంచిదే. కానీ నేసేవాడికి గిట్టనిదేమిటి? ఆ సంగతి ఇంత నేర్పున్న మగ్గం మీదికి ఎందుకు రాకూడదు?

అక్కడ సరుకుకు కొదవ లేదు. సాంచెల (మరమగ్గాల) షెడ్డులో పక్కవాడికి మాట వినబడాలంటే చెవి దగ్గర నోరుపెట్టి అరవాలి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చిన ఏళ్లలో ఒకే రకం పాలియెస్టర్ బట్ట నెలల తరబడి సాంచెల మీద నడిచింది. అటు సిరిసిల్లలోనూ, ఇటు కోరుట్ల, జగిత్యాల ఇళ్లలోనూ బీడీలు చుట్టే ఆడవాళ్ల కొంగులకు తంబాకు ఘాటు పడుతుంది, ఉతికినా ఒక పట్టాన వదలదు. పట్టుకు సువాసన పట్టించడం తెలిసిన ఊరు, ఈ ఘాటును గుడ్డలోకి తెచ్చి చూపించలేకపోతుందా? తునికాకు కొలతకు కత్తిరించిన పాత చీర ముక్కలను వెయ్యి బీడీల్లా చుట్టి, దారం కట్టి, బొంత మీద వరసగా కుడితే అది కుసామా కుర్చీకి చెల్లెలే అవుతుంది.

మొదలుపెట్టేవాళ్లకు పెద్ద మగ్గం అక్కర్లేదు. బల్లి అంటే గిట్టనివాళ్లు దాని రంగు దారాన్ని ఎంచుకోవడంతో ఆగిపోవచ్చు. మరునాడు ఆ దారంతో ఒక అడ్డగీత కుట్టొచ్చు. ఆకారం, తోక, ఆ మెత్తదనం తర్వాతి సంగతి. మధ్యలో ఒళ్లు జలదరిస్తే గుడ్డ మడిచి పక్కన పెట్టేయొచ్చు, పోటీ ఏమీ లేదు. పాత చీరలను పొరలుగా పరిచి బొంత కుట్టే పెద్దావిడ పక్కనుంటే ఇంకా నయం, కుట్టు ఎంత దూరంలో పడాలో ఆమె వేళ్లకు తెలుసు. అయితే ఇది చికిత్సకు బదులు కాదు. గదిలోకి అడుగుపెట్టలేనంతగా, తిండీ నిద్రా పోయేంతగా భయం పట్టుకుంటే ముందు మానసిక వైద్యుల దగ్గరికే పోవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.