ట్రాక్టరును నిలిపే ముందు...

మిరపకాయలు గుంటూరు యార్డుకు తోలాక తొలకరి దాకా ట్రాక్టరుకు పెద్దగా పనుండదు. అలాగే వదిలేస్తే సరిగ్గా నల్లరేగడి పదునెక్కిన రోజే మొరాయిస్తుంది. అందుకే రైతు సోదరులు ఈ జాగ్రత్తలు పాటించాలి.

* మట్టి అంటిన చోట తేమ నిలిచి తుప్పు పడుతుంది. బండి కడిగి, ఆరాక గ్రీజు పెట్టండి.

* వాడిన ఇంజను ఆయిల్లో మసి, ఆమ్లాలు చేరతాయి. ఇంజను వేడిగా ఉండగానే దింపేసి కొత్తది పోయండి.

* డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ ఉంటే గాలిలోని తేమ నీరై డీజిల్లో చేరుతుంది. పంపు, నాజిళ్లు దెబ్బతింటాయి.

* బ్యాటరీ తీగల్లో ముందు నెగటివ్ విప్పండి. నెలకోసారి ఛార్జింగ్ పెట్టించండి. ఛార్జి దిగిన బ్యాటరీని అలాగే ఉంచితే పలకలు గట్టిపడి పనికిరాకుండా పోతుంది.

* ఇరుసుల కింద దిమ్మెలు పెట్టి టైర్లను నేలకు ఆనకుండా లేపండి.

* క్లచ్ పెడల్ నొక్కి, కర్రతో అలాగే నిలపండి. లేకుంటే ప్లేటు అతుక్కుపోవచ్చు.

* సైలెన్సరు చల్లారాక మూతికి డబ్బా బోర్లించండి. అకాల వాన పడినా నీళ్లు ఇంజనులోకి దిగవు.

మళ్లీ తీసేటప్పుడు డబ్బా, కర్ర, దిమ్మెలు తీసి, ఆయిల్, టైర్లలో గాలి, ఎలుకలు కొరికిన వైర్లు చూసుకోండి. ఈ పని తొలకరికి వారం ముందే చేయాలి. వాన పడ్డాక అందరి బండ్లూ మెకానిక్ షెడ్డు ముందే ఉంటాయి. పదును మాత్రం ఎవరికోసమూ ఆగదు.