దాపరికం లేని రుచి: కొలోన్ నగరపు కోల్ష్ బీరు

లేత బంగారు రంగు బీరు దాహం తీర్చుకోవడానికే తప్ప పరిశీలించి రుచి చూడటానికి పనికిరాదని చాలామంది భావిస్తారు గాని, బీరు తయారుచేసేవారి అనుభవం ఇందుకు పూర్తిగా విరుద్ధం. నల్లగా వేయించిన మాల్ట్‌తో చేసే బీరులో కాఫీని, చాక్లెట్‌ను తలపించే ఘాటైన రుచులు చిన్న చిన్న లోపాలను కప్పివేస్తాయి. లేత బీరుకు అటువంటి ముసుగు లేదు కనుక, నీటిలోని లవణాలు మొదలుకొని పీపా శుభ్రత వరకు ప్రతిదీ నాలుకకు తెలిసిపోతుంది. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరంలో పుట్టిన కోల్ష్ బీరు ఇందుకు చక్కటి ఉదాహరణ.

తెలుగు ఇళ్లలో రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి మాల్ట్ చేసుకున్నట్టే, బీరు కోసం బార్లీని మొలకెత్తించి ఆరబెడతారు. మొలక దశలో గింజలో తయారయ్యే ఎంజైములు, ఆ మాల్ట్‌ను తర్వాత వేడినీటిలో కలిపినప్పుడు, పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. బీరు రంగు ప్రధానంగా ఈ ఆరబెట్టే వేడి మీదనే ఆధారపడుతుంది. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపితే లేత పసిమి నిలుస్తుంది, వేడి పెరిగేకొద్దీ రాగి రంగు, గోధుమ రంగు, నలుపు వస్తాయి. కొలోన్‌కు పొరుగునే ఉన్న డ్యూసెల్‌డోర్ఫ్ నగరంలో దాదాపు ఇదే పద్ధతిలో తయారయ్యే ఆల్ట్ బీరు రాగి రంగులో ఉండటానికి మాల్ట్‌లోని తేడాయే కారణం. చక్కెరలు దిగిన ద్రవాన్ని హాప్స్ అనే తీగమొక్క పూలతో కలిపి మరిగించినప్పుడు చేదు చేరుతుంది. ఆ చేదే మాల్ట్ తీపిని అదుపులో ఉంచుతుంది.

కోల్ష్ ప్రత్యేకత మాత్రం పులియబెట్టే తీరులో ఉంది. చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చే ఈస్ట్‌లలో రెండు ప్రధాన తెగలున్నాయి: ఒకటి వెచ్చటి ద్రవంలో చురుకుగా పనిచేసి పండ్ల వాసనలను వదిలేది, దానితో చేసిన బీరును ఏల్ అంటారు, రెండవది చల్లదనంలో నెమ్మదిగా పనిచేసి శుభ్రమైన రుచినిచ్చేది, దానితో చేసినది లాగర్. కొలోన్ తయారీదారులు మొదటి తెగ ఈస్ట్‌తోనే పులియబెట్టి, ఆ తర్వాత బీరును లాగర్ మాదిరిగా గడ్డకట్టే స్థితికి దగ్గరి చల్లదనంలో కొన్ని వారాలు నిలవ ఉంచుతారు. ఆ విశ్రాంతిలో ఈస్ట్ అడుగుకు దిగి బీరు తేటపడుతుంది, పండ్ల వాసన ఆపిల్‌నో బేరిపండునో లీలగా గుర్తుచేసే స్థాయికి తగ్గుతుంది.

1986లో కొలోన్ ప్రాంతంలోని 24 బీరు తయారీ సంస్థలు ఒక ఒప్పందంపై సంతకాలు చేసి, కోల్ష్ అనే పేరు ఏ బీరుకు చెల్లుతుందో నిర్ణయించుకున్నాయి. లేత రంగు, తేటదనం, పై ఈస్ట్ పద్ధతి, హాప్స్ ప్రాధాన్యం అందులోని షరతులు. 1997లో యూరోపియన్ యూనియన్ ఈ పేరుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది.

ఈ బీరును అందించే తీరు కూడా రుచిలో భాగమే. ష్టాంగె అనే సన్నని, నిటారు గ్లాసులో 200 మిల్లీలీటర్లు మాత్రమే పడుతుంది. కోబెస్ అని పిలిచే వడ్డనదారు, నడుమ పిడి ఉన్న గుండ్రటి పళ్లెంలో నిండు గ్లాసులు పట్టుకుని తిరుగుతూ, ఖాళీ అయిన గ్లాసు స్థానంలో అడగకుండానే మరొకటి ఉంచి, గ్లాసు కింది అట్టబిళ్ల మీద పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. చాలనుకున్నవారు ఆ బిళ్లనే గ్లాసు మీద మూతగా పెడతారు. కోల్ష్ నురగ త్వరగా అణగిపోతుంది కనుక ఇంత చిన్న గ్లాసు ఎంతో తెలివైన ఏర్పాటు, ఎందుకంటే ప్రతి గ్లాసూ తాజాదనం తగ్గకముందే పూర్తవుతుంది. పేఫ్గెన్ వంటి పాత బీరుశాలల్లో చెక్కపీపా నుంచి గ్యాసు పీడనం లేకుండా బీరు తన బరువుతోనే గ్లాసులోకి దిగడం వల్ల బుడగలు నాలుకను గుచ్చవు.

రుచి పరీక్ష కంటితో మొదలవుతుంది. గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి వస్తువు స్పష్టంగా కనిపించాలి; నురగ తెల్లగా, సన్నని బుడగలతో ఉండాలి. వాసనలు క్షణాల్లో ఎగిరిపోతాయి కనుక గుక్కకు ముందే, కొద్దికొద్దిగా, రెండు మూడు సార్లు పీల్చాలి. తొలి గుక్కలో బ్రెడ్డును, తేనెను తలపించే మెత్తటి తీపి, వెంటనే స్వల్పమైన పండు రుచి, చివర పొడిగా, పొట్టిగా ముగిసే చేదు వరుసగా తోస్తాయి. వైన్ పరీక్షకుల వలె ఉమ్మివేయక బీరు పరీక్షకులు సాధారణంగా మింగుతారు, ఎందుకంటే చేదు ఎంతసేపు నిలిచిందన్నది గొంతు దిగిన తర్వాతే తేలుతుంది.

లోపాలను గుర్తించడం నేర్చినవారికి ఈ బీరు తయారీ చరిత్రంతా చెబుతుంది. వెన్న వాసన వస్తే అది డయాసిటైల్ అనే పదార్థం. పులిసేటప్పుడు పుట్టే ఈ పదార్థాన్ని తగిన సమయమిస్తే ఈస్టే తిరిగి పీల్చుకుంటుంది కనుక, ఆ వాసన చాలాసార్లు తయారీదారు తొందరకు సాక్ష్యం. పచ్చి ఆపిల్ వాసన కూడా తరచుగా అలాంటి అపరిపక్వతనే సూచిస్తుంది. ఉడికిన మొక్కజొన్న వాసన మరిగించడం చాలకపోవడాన్ని, తడిసిన అట్టముక్క వాసన గాలి సోకి పాతబడటాన్ని తెలుపుతాయి. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విచ్ఛిన్నమై గంధకపు దుర్వాసన పుడుతుంది. గోధుమ రంగు సీసా దీనిని బాగా అడ్డుకుంటుంది, పచ్చ సీసా అంతగా అడ్డుకోలేదు.

హైదరాబాద్‌లోని మైక్రోబ్రూవరీలలో, అంటే బీరును అక్కడే కాచి అక్కడే అమ్మే శాలలలో, లేత బంగారు బీరు రుచి చూసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మన ఎండలకు మంచులా చల్లటి గ్లాసు హాయిగా ఉంటుంది గాని, అంత చల్లదనం నాలుకను మొద్దుబారుస్తుంది, వాసనలను పైకి రానివ్వదు. గ్లాసును కొద్ది నిమిషాలు ఆపి, 8 డిగ్రీల దగ్గరకు వచ్చాక మళ్లీ ఒక గుక్క తీసుకుంటే, మొదట నీళ్లలా తోచిన బీరులో మాల్ట్ తీపీ పండు వాసనా తేలతాయి, తయారీలో లోపముంటే అదీ అప్పుడే బయటపడుతుంది.