ఫైలు ఎందుకు దిగదు? నల్లా దగ్గరి లెక్క



పోయిన నెల ఒక సోమవారం మన కంప్యూటర్ గదిలో ఏం జరిగిందో మా తరగతి వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. గమన నియమాల పాఠం వీడియో దించుకోమని సారు చెప్పారు. 20 మందిమి 20 కంప్యూటర్ల ముందు కూర్చొని ఒకేసారి నొక్కినాము. గీత కొంచెం కొంచెం నిండుతా ఉంది. అంతలోనే 40 నిమిషాల పీరియడ్ అయిపోయింది, గంట కొట్టినారు. ఒక్కరికి కూడా పాఠం దిగలేదు. బయటికి వస్తుంటే ఒక స్నేహితురాలు "మనకు ఈ కంప్యూటర్లు అచ్చిరావే" అన్నది.

ఆ మాట నాకు చాలా బాధ అనిపించింది. మనలో చాలామందికి ఇంట్లో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. అందుకే ఏదైనా ఆగిపోతే తప్పు మనదే అనుకుంటాము. నేను సారును అడిగి, కాగితం మీద లెక్క వేసి చూసినాను. తప్పు మనది కాదు, కంప్యూటరుది కూడా కాదు. అంతా భాగహారం లెక్కే. అది ఇక్కడ రాస్తున్నాను.

ఫైలు ఎట్లా వస్తుంది?

పాఠం ఫైలు ఎక్కడో దూరాన సర్వర్ అనే కంప్యూటరులో ఉంటుంది. మనం నొక్కగానే అది మొత్తం ఒకేసారి రాదు. చిన్న చిన్న ముక్కలుగా వచ్చి, మన కంప్యూటరులో మళ్ళీ వరుసగా అతుక్కుంటుంది. దారిలో ఒక ముక్క తప్పిపోతే, మన కంప్యూటరు దాన్ని మళ్ళీ పంపమని అడుగుతుంది. సిగ్నల్ బాగా లేనప్పుడు ఇట్లా అడుగుడే ఎక్కువైతది. అందుకే ఆలస్యం.

ఎంబీ వేరు, ఎంబీపీఎస్ వేరు

ఫైలు ఎంత పెద్దదో మెగాబైట్లలో, అంటే ఎంబీలలో చెప్తారు. నెట్ వేగాన్ని సెకనుకు ఎన్ని మెగాబిట్లో, అంటే ఎంబీపీఎస్‌లో చెప్తారు. ఈ రెండూ ఒకటే అనుకొని మనం మోసపోతాము. ఒక బైటుకు 8 బిట్లు.

మన వీడియో 90 ఎంబీ ఉన్నది. 90ని 8తో గుణిస్తే 720 మెగాబిట్లు. నెట్ వేగం 4 ఎంబీపీఎస్ అనుకుందాం. 720ని 4తో భాగిస్తే 180 సెకన్లు. అంటే ఒక్కరే దించుకుంటే 3 నిమిషాలు చాలు.

20 మంది ఒకేసారి నొక్కితే? ఆ 4ని 20 మంది పంచుకోవాలి. ఒక్కొక్కరికి 0.2 వస్తుంది. 720ని 0.2తో భాగిస్తే 3600 సెకన్లు, అంటే సరిగ్గా ఒక గంట. పీరియడ్ 40 నిమిషాలే గదా! అందుకే ఎవ్వరికీ దిగలేదు.

పొద్దున 6 గంటలకు స్నానాల దగ్గర కూడా ఇంతే. అన్ని నల్లాలు ఒకేసారి తిప్పితే సన్నటి ధార వస్తుంది, ఎవరి బకెట్టూ నిండదు. ట్యాంకు అదే, పైపు అదే. ఒకరి తరువాత ఒకరు పట్టుకుంటే అదే పైపుతో బకెట్లు నిండుతాయి. ఆ సోమవారం మేము ఒక్కొక్కరమే వరుసగా దించుకున్నా 40 నిమిషాలలో 13 మందికి పాఠం అందేది.

అడ్డం ఎక్కడ ఉందో కనిపెట్టుట

మన దుండిగల్ పక్కనుంచి పోయే ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవు, 8 వరుసలు. దాని మీద ఎంత వేగంగా వచ్చినా, దిగి ఇరుకు సందులోకి తిరిగితే లారీ ఆగాల్సిందే. నెట్ కూడా అంతే. దారిలో ఎక్కడ ఇరుకు ఉంటే వేగం అక్కడిదే. ఆ ఇరుకును ఇట్లా వెతకాలి.

1. ఒక్క పాఠాల సైటే నెమ్మదిగా ఉండి, వేరే పేజీలు బాగా తెరుచుకుంటే, ఇరుకు ఆ సర్వర్ వైపు ఉండవచ్చు. పరీక్షల ముందు అందరూ దాని మీదే పడతారు. కొంచెం ఆగి చూడాలి.

2. ఒక్క కంప్యూటరే నెమ్మదిగా ఉండి, పక్కవి బాగుంటే, ఇరుకు ఆ కంప్యూటరులోనే. ఎక్కువ పేజీలు తెరిచి ఉన్నాయా, అప్‌డేట్ ఏదైనా నడుస్తున్నదా, లోపల ఖాళీ జాగా ఉన్నదా చూడాలి. జాగా లేకపోతే ఫైలు చివర్లో కూడా ఆగిపోతుంది.

3. వైఫై పెట్టె దగ్గర బాగుండి, దూరం పోతే తగ్గితే, అడ్డం గోడలది. ఇనుప బీరువా కూడా సిగ్నల్‌ను ఆపుతుంది. పెట్టెలో 2.4, 5 అని రెండు రకాల వైఫై ఉండవచ్చు. 5 రకం వేగంగా ఉంటది గానీ గోడలు దాటేసరికి బలహీనమైతది. దూరం గదికి 2.4 నయం. తీగ ఉంటే తీగ పెట్టుకొనుట అన్నిటికంటే మంచిది.

4. అన్ని కంప్యూటర్లలో, అన్ని పేజీలూ నెమ్మదిగా ఉంటే, మనమంతా ఒకేసారి వాడుతున్నామన్నా కావాలి, బయటినుంచి వచ్చే లైను అయినా కావాలి. ముందు అందరం ఆపి, ఒక్క కంప్యూటరులో చూడాలి. అప్పుడు వేగం వస్తే కారణం మనమే. రాకపోతే సారుకు చెప్పి, పెట్టెను కట్టేసి, అర నిమిషం ఆగి మళ్ళీ వేయించాలి.

చేయకూడని పనులు

దిగడం లేదని మళ్ళీ మళ్ళీ నొక్కకూడదు. నొక్కినన్ని సార్లు కొత్త కాపీ మొదలైతది. మన వాటాను మనమే ముక్కలు చేసుకున్నట్లు. మధ్యలో ఆగితే రద్దు చేయకుండా, ఆగిన చోటినుంచి కొనసాగించే గుర్తు ఉందేమో చూడాలి. సర్వర్ ఒప్పుకుంటే మిగిలినదే వస్తుంది. వేగంగా దింపుతామని ఆశపెట్టే తెలియని ప్రోగ్రాములు వేయకూడదు, వాటితో వైరస్ రావచ్చు.

అక్షరాలు తేలిక, వీడియో బరువు

ఇది నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది. కంప్యూటరులో మామూలుగా తెలుగు ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడుతుంది. "అమ్మ" అనే మాటలో అ, మ, పొల్లు, మ అని 4 గుర్తులు. మొత్తం 12 బైట్లు. 2000 గుర్తులు ఉన్న పేజీ అయితే సుమారు 6 కేబీ. మన 90 ఎంబీ వీడియో అట్లాంటి 15,000 పేజీలతో సమానం! కాబట్టి రాసిన నోట్సు ఉంటే ముందు అది దించుకోవాలి. వీడియోనే కావాలంటే తక్కువ నాణ్యతది ఎంచుకుంటే చాలు, మాట స్పష్టంగానే వినపడుతుంది.

నెట్ లేకున్నా పాఠం

2017లో మొదలైన దీక్ష యాప్‌లో పాఠం ఒకసారి దించుకుంటే, తర్వాత నెట్ లేకున్నా చూడవచ్చు. కరోనాలో బడులు మూసినప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ళలో పాఠాలు వచ్చినాయి. టీవీ పాఠం ఎంతమంది చూసినా నెమ్మది కాదు. ఎందుకంటే అది ప్రార్థన దగ్గర మైకు వంటిది. పది మంది విన్నా, ఐదు వందల మంది విన్నా మాట పంచుకోవలసిన పని లేదు.

మా మనవి

తరువాతి సోమవారం మేము వేరే విధంగా చేసినాము. ఒక్క కంప్యూటరులో మాత్రమే దించినాము. మూడున్నర నిమిషాలు పట్టింది. సారు రెండు పెన్‌డ్రైవులు వైరస్ లేకుండా చూసి ఇచ్చారు. వాటితో 20 కంప్యూటర్లకూ ఎక్కించినాము. గంట కొట్టకముందే అందరం పాఠం చూసినాము. నెట్ మారలేదు, వరుస మారింది అంతే.

వార్డెన్ మేడమ్ గార్లకు మా విన్నపం ఏమనగా, ప్రతి ఆదివారం పొద్దున ఇద్దరు అమ్మాయిలకు ఒక గంట కంప్యూటర్ గది తెరిపిస్తే, వారం పాఠాలన్నీ ఆ పూటే దించి పెట్టుకుంటాము. పదవ తరగతి అక్కలకు పరీక్షల ముందు ఇది చాలా అవసరం. పేర్లు రాసే పుస్తకం మేమే పెడతాము.

మన బడి మీదుగా ఎయిర్ ఫోర్స్ అకాడమీ విమానాలు తిరుగుతుంటే రోజూ చూస్తాము. ఎన్ని ఎగిరినా, ఒక రన్‌వే మీద ఒకసారికి ఒకటే దిగుతుంది. మిగిలినవి తమ వంతు వచ్చేదాకా పైన తిరుగుతాయి. మన ఫైళ్ళూ అంతే. ఇగ ఎవ్వరూ "మనకు అచ్చిరాదు" అనవద్దు. ముందు లెక్క వేయండి, తరువాత వరుస కట్టండి.