మాంగోలో ఇల్లు, జోజోబేరా సిమెంటు

మీ బాబాయి ఇక్కడ జంషెడ్‌పూర్‌లో, మాంగోలోని డిమ్నా రోడ్డు పక్క స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నాడని తెలియగానే కాలిఫోర్నియా నుంచి నువ్వడిగిన మొదటి మాట, "తాతయ్యా, కాంట్రాక్టరుకి లైసెన్సు ఉందా?" అని. మంచి ప్రశ్న అడిగావు అమ్మడూ. జవాబు మాత్రం ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదు.

నువ్వున్న రాష్ట్రంలో కాంట్రాక్టర్లకి లైసెన్సులిచ్చే బోర్డు 1929 నుంచీ ఉంది. ఇల్లు మొత్తం కట్టేవాడికి 'బి' తరగతి, కరెంటు పనివాడికి 'సి-10' అని వేరువేరు లైసెన్సులు. వాటి వెనక 25,000 డాలర్ల పూచీ. ఇంటి మరమ్మతు పనికైతే అడ్వాన్సుగా వెయ్యి డాలర్లు గానీ, ఒప్పందం మొత్తంలో పదో వంతు గానీ, ఏది తక్కువైతే అంతకు మించి పుచ్చుకోకూడదు. ఈ ఆఖరి నియమం నాకు మహా ఇష్టం. చేసిన పనికి డబ్బు, చేయబోయే పనికి కాదు.

ఇక్కడ ఇల్లు కట్టే ఠేకేదార్‌కి అలాంటి లైసెన్సు లేదు. "నేను రిజిస్టర్డ్ కాంట్రాక్టర్ని" అని ఎవరైనా కార్డు చూపిస్తే, అది చాలాసార్లు సర్కారు టెండర్లు వేసుకోవడానికి ఏదో శాఖలో చేయించుకున్న నమోదు. జీఎస్టీ నంబరు పన్ను కట్టడానికి. ఆ రెండూ ఉంటే మంచిదే, కానీ స్లాబు గట్టిగా పోస్తాడని అవి చెప్పవు. ఇంటి పనిలో చట్టం నిజంగా అర్హత అడిగేది ఇద్దరిని. నగర్ నిగమ్‌లో ప్లాను మీద సంతకం పెట్టే ఆర్కిటెక్టు లేదా ఇంజనీరు ఒకరు. రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ఇంకొకరు. కరెంటు పనికి ఆ రెండో కాగితం చూడకుండా ఒక్క తీగ కూడా లాగనివ్వొద్దని బాబాయికి చెప్పాను. ఎర్తింగ్ సరిగ్గా ఉండి, 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు తెంచే ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే పిల్లల ప్రాణాలు నిలబడతాయి.

మాంగో సంగతి నీకు కాస్త చెప్పాలి. సాక్చీ నుంచి సువర్ణరేఖ వంతెన దాటితే మాంగో. నది ఇవతల టాటా కంపెనీ లీజు భూమి, కంపెనీ క్వార్టర్లు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కార్ఖానాకి వచ్చిన మనవాళ్ళు ఎందరో ఆ క్వార్టర్లలోనే పిల్లల్ని పెంచారు. రిటైరయ్యాక క్వార్టరు వదలాలి. ఊరు వదలబుద్ధి కాదు. అందుకని వంతెన దాటి స్థలం కొనుక్కున్నారు. జీవితమంతా కూడబెట్టిన పీఎఫ్ డబ్బు ఒక్క కట్టడంలో పోసేవాళ్ళు వీళ్ళు, రెండోసారి కట్టగలిగే స్తోమత లేనివాళ్ళు. కాంట్రాక్టరు ఎంపిక విషయంలో నేనింత పట్టుబట్టడం అందుకే. స్థలం విషయంలోనూ ఒక్క మాట: 1908 నాటి ఛోటానాగ్‌పూర్ టెనెన్సీ చట్టం ప్రకారం ఆదివాసుల భూమి బయటివాళ్ళకి అమ్మకం చెల్లదు. పాత ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) చూడకుండా పునాది తవ్వడం, వాళ్ళకి అన్యాయం, మనకి ప్రమాదం. బాబాయి అది చూసే కొన్నాడు.

ఇక అసలు కథ సిమెంటుది. మన ఊళ్ళో ఎక్కువగా వాడేది స్లాగ్ సిమెంటు. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుము కరిగినప్పుడు పైన తేలే చిట్టెమే స్లాగ్. దాన్ని తీరుబడిగా చల్లారనిస్తే మామూలు రాయి అవుతుంది, రోడ్డు కింద పరచడానికి పనికొస్తుంది. అదే, మరుగుతుండగా నీటి ధార కొట్టి ఒక్కసారిగా చల్లారిస్తే అణువులు వరస కట్టే వ్యవధి లేక గాజులాంటి గుళికలవుతాయి. సిమెంటుకి కావలసింది ఆ గాజు స్వభావమే. టాటా స్టీల్ తన స్లాగ్‌తో ఊరి అంచున జోజోబేరాలో సిమెంటు తీసింది. 1999లో ఆ వ్యాపారం లఫార్జ్ కంపెనీ చేతికి వెళ్ళింది, ఇప్పుడది నువోకో కంపెనీ చేతిలో ఉంది. మన స్లాబుల్లో మన ఫర్నేసు ఉందన్నమాట, నాకది గర్వంగా ఉంటుంది.

కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని మేస్త్రీలు కూడా అనుకుంటారు. కాదు. పాలు తోడుకున్నట్టు లోపల లోపలే మారుతుంది, వెచ్చగా ఉంటే త్వరగా, చలిలో ఆలస్యంగా. సిమెంటు నీటితో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురు పుట్టిస్తుంది, పక్కనే కొంత సున్నం విడుదలవుతుంది. మామూలు సిమెంటులో ఆ సున్నం అలా ఉండిపోతుంది. స్లాగ్ సిమెంటులో రెండో అంకం ఉంది: ఆ సున్నమే స్లాగ్‌ని మేల్కొలుపుతుంది, స్లాగ్ కూడా జిగురుగా మారి సన్నటి రంధ్రాలు పూడ్చేస్తుంది. అందుకే చివరికి స్లాగ్ కాంక్రీటు మరింత చిక్కగా, నీళ్ళు దిగనివ్వకుండా తయారవుతుంది. కానీ ఆ రెండో అంకం నెమ్మది. ఆ రోజుల్లో తడి ఆరిపోతే సగంలోనే ఆగిపోతుంది.

నీళ్ళు తర్వాత ఎన్ని పట్టినా మంచిదే, కలిపేటప్పుడు మాత్రం కొలత దాటకూడదు. 1918లో షికాగోలో డఫ్ అబ్రామ్స్ అనే ఆయన వేల నమూనాలు విరగ్గొట్టి చూసి ఈ సంగతి తేల్చాడు: సిమెంటుకి నీటి నిష్పత్తి పెరిగేకొద్దీ బలం పడిపోతుంది. రసాయన చర్యకి కావలసింది పోగా మిగిలిన నీరు ఆవిరై వెళ్తూ తన చోటు ఖాళీగా వదిలేస్తుంది. మన ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇళ్ళలో వాడే ఎం-20 రకం కాంక్రీటుకి నిష్పత్తి 0.55 దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకి 27న్నర లీటర్లు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. మాల్ (కలిపిన కాంక్రీటు) పలచగా ఉంటే తట్టలు మోసే రేజాలకీ, పరిచే మిస్త్రీకీ ఒళ్ళు నొప్పి తగ్గుతుంది, కాబట్టి గొట్టం తిప్పేస్తారు. వాళ్ళని తిట్టడం నాకిష్టం లేదు. వైబ్రేటరు తెచ్చి, మనుషుల్ని సరిపడా పెట్టే పూచీ ఠేకేదార్‌ది. ఈ మాట ఒప్పందంలో రాయించాలి.

ఎక్కువమంది చేసే ఒప్పందంలో స్లాబు డబ్బు ఢలాయి (కాంక్రీటు పోసే) రోజు సాయంత్రమే ఇచ్చేస్తారు. డబ్బు ముట్టాక జట్టు ఇంకో సైటుకి వెళ్ళిపోతుంది, స్లాబు మీద నీళ్ళు నిలబెట్టే మనిషి ఉండడు. పని పూర్తయినట్టు కనిపించే ఆ రోజునే అసలు పని మొదలవుతుంది. ఐఎస్ 456 మామూలు సిమెంటుకి కనీసం 7 రోజుల తడి అడుగుతుంది. స్లాగ్ వంటి మిశ్రమ సిమెంటుకి కనీసం 10, వీలైతే 14కి పెంచమంటుంది. అందుకని నేను బాబాయి చేత స్లాబు సొమ్ము మూడు ముక్కలు చేయించాను. పోసిన రోజు కొంత. 14 రోజులు మళ్ళు కట్టి నీళ్ళు నిలిపాక కొంత. సెంట్రింగు విప్పి, 28 రోజుల క్యూబు పరీక్ష కాగితం చేతికొచ్చాక మిగతాది. క్యూబులంటే 150 మిల్లీమీటర్ల కాంక్రీటు దిమ్మలు, పోసే మాల్‌లోంచే ఎత్తి నింపుతారు. వెయ్యి చదరపు అడుగుల అయిదంగుళాల స్లాబుకి దాదాపు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఆ లెక్కకి రెండు నమూనాలు, నమూనాకి మూడు చొప్పున ఆరు దిమ్మలు. ఇంత చిన్న ఇంటికి ఎందుకని ఠేకేదార్ అంటాడు. చిన్న ఇల్లు కాబట్టే కావాలి.

సెంట్రింగు విప్పడంలో ఇంకో చిక్కుంది. ఐఎస్ 456 పుస్తకంలో నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి 7 రోజులు, అంతకంటే వెడల్పైతే 14 రోజులు బొంగులు ఉంచమని ఉంటుంది. ఇంజనీర్లు కూడా కొందరు ఆ అంకెలు వల్లించేస్తారు. అవి మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకి, అదీ వాతావరణం 15 డిగ్రీలకి తగ్గనప్పుడు. మన డిసెంబరు రాత్రులు దల్మా కొండల గాలికి అంతకంటే చల్లబడతాయి, పైగా మనది స్లాగ్. బొంగుల అద్దె రోజుకింతని పెరుగుతుంటే ఠేకేదార్‌కి తొందర సహజం. అందుకే ఆ అద్దె మనమే భరిస్తామని ముందే రాశాం. కొద్ది డబ్బు మిగుల్చుకుందామని అతన్ని తొందరపెట్టే పరిస్థితి కల్పించకూడదు.

ఏ నెలలో పోయాలన్నదీ తేలిగ్గా తేలలేదు. జార్ఖండ్‌లో వానాకాలమంతా, జూన్ 10 నుంచి అక్టోబరు 15 దాకా, నదుల్లో ఇసుక తీయడం నిషేధం. అప్పుడు ఇసుక ధర ఎగురుతుంది, మట్టి కలిసిన సరుకు దిగుతుంది. పారదర్శకమైన సీసాలో ఇసుకా నీళ్ళూ వేసి కుదిపి ఉంచితే పైన తేరుకునే ఒండ్రు పొర నిజం చెప్పేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మాంగో బోర్లలో నీళ్ళు తగ్గి జనం ట్యాంకర్ల కోసం చూస్తారు. తాగడానికే కటకటగా ఉన్న నీళ్ళు స్లాబు మీద ఎలా నిలుపుతాం? అన్నీ చూసి నవంబరు మొదటి సగం అన్నాను.

చువ్వలు స్లాబు కింది పలకకి తగలకుండా 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు పెట్టాలనీ, బీములకీ స్తంభాలకీ అంతకంటే ఎక్కువనీ ఇంజనీరు డ్రాయింగులోనే ఉంది. పోసే ముందు రోజు ఆయన వచ్చి చూసి సంతకం చేస్తేనే ఢలాయి.

రాతకోతలు లేకపోతే ఇవేవీ నిలవవు. 2019 వినియోగదారుల చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవగా లెక్కిస్తుంది, పని చెడితే జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. అక్కడ అడిగేది రశీదులూ ఒప్పందమూ. నగదు ఇచ్చినా సంతకం తీసుకోమన్నాను. మొత్తంలో అయిదు శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఉంచుకుంటామంటే ఠేకేదార్ మొదట ఒప్పుకోలేదు. అడ్వాన్సు కాస్త పెంచి, సిమెంటు, ఇనుము మనమే కొని ఇస్తామన్నాక సరేనన్నాడు.

ఒప్పందం తెలుగులో నేను చెప్పాను, బాబాయి హిందీలో రాయిస్తున్నాడు, సైటు మీద మిస్త్రీ కూడా చదువుకోవాలి కదా. నీళ్ళ కొలతా, 14 రోజులూ, బొంగుల రోజులూ ఉన్న పేజీని ఫొటో తీసి నీకు పంపమన్నాను. నీ కళ్ళకి ఏదైనా తప్పు కనబడితే సంతకాలకి ముందే చెప్పు.